రాతి వరాహం నుంచి సాంచా జెండా దాకా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ముస్తాబాద్ ప్రాంతంలో చిహ్నాలకు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. గోదావరి ఒడ్డున దొరికిన నాణేల మీద, గుట్ట బండల మీద, చెరువు కట్టల దగ్గరి శాసనపు రాళ్ల మీద, గుడి ముందరి ధ్వజస్తంభం మీద, పీరీల కొట్టంలోని లోహపు పంజాల మీద, నాలుగు తొవ్వలు కలిసేచోట కట్టిన జెండా గద్దెల మీద ఆ చిహ్నాలు ఇప్పటికీ కనిపిస్తాయి. చిహ్నం ఒక వంశాన్నో, మతాన్నో, రాజ్యాన్నో గుర్తుపట్టిస్తుంది. జెండా ఆ గుర్తును గుడ్డ మీదికి ఎక్కించి జనం నడుమకు తెస్తుంది. మొదట్లో ఈ రెండూ పాలించేవారి సొత్తు. పోను పోను అవి పాలితుల చేతుల్లోకి వచ్చాయి. ఈ ప్రాంతపు జెండాల చరిత్రలో అసలు విషయం ఈ చేతులు మారడమే.

నాణెం మీది గుర్తులు

జగిత్యాల జిల్లా వెల్గటూరు మండలంలోని కోటిలింగాల గోదావరి ఒడ్డున వెలసిన అతి పాత పట్టణాల్లో ఒకటి. ఇక్కడ దొరికిన నాణేల్లో శాతవాహన వంశానికి ఆద్యుడైన సిముకుడివీ ఉన్నాయి, గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే స్థానిక పాలకులవీ ఉన్నాయి. శాతవాహనుల తొలి అడుగులు తెలంగాణలోనే పడ్డాయని వాదించే చరిత్రకారులకు ఈ నాణేలే పెద్ద ఆధారం. శాతవాహన నాణేల మీద ఏనుగు, కొండ, చెట్టు, నాలుగు కొనల్లో నాలుగు వలయాలున్న 'ఉజ్జయిని గుర్తు' తరచుగా కనిపిస్తాయి. తూర్పు తీరంలో చలామణి అయిన కొన్నింటి మీద ఓడ బొమ్మ ఉంటుంది. నాణెం మీద అక్షరాలున్నా వాటిని చదవగలిగినవారు కొద్దిమందే. సంతలో ధాన్యం కొలిచే రైతుకూ నది దాటించే పడవవాడికీ ఆ నాణెం ఎవరిదో చెప్పింది బొమ్మే.

ఈ ప్రాంతానికి పొరుగునే, నేటి పెద్దపల్లి జిల్లాలో ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉంది. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా గుర్తులతో సూచించిన తొలి దశకు చెందిన స్తూపమిది. అక్కడి ఫలకాల మీద పడగ విప్పిన ముచిలింద నాగం ప్రసిద్ధమైనది. పాదముద్ర, ఛత్రం, ఖాళీ ఆసనం, ధర్మచక్రం బౌద్ధులు విరివిగా వాడిన గుర్తులు. ఇవన్నీ చదువు లేని భక్తుడికి కూడా కథను చెప్పగలిగాయి. వీటిలో ధర్మచక్రం ఆ తరువాత చాలా దూరం ప్రయాణించింది. సారనాథ్‌లోని అశోక స్తంభం మీది చక్రమే 1947లో జాతీయ జెండా నడుమకు చేరింది.

వరాహం, గరుడుడు

పదో శతాబ్దంలో వేములవాడ ఒక రాజధాని. వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులుగా ఉంటూ ఈ ప్రాంతాన్ని ఏలారు. వారిలో రెండో అరికేసరి కన్నడ ఆదికవి పంపడిని పోషించాడు. బాదామి నుంచి వేంగి దాకా చాళుక్య శాఖలన్నింటికీ వరాహమే లాంఛనం. విష్ణువు అనుగ్రహంతో ఆ గుర్తు తమకు దక్కిందని వారు శాసనాల్లో చెప్పుకున్నారు. వేంగి చాళుక్యుల తామ్రశాసనాలను గుచ్చిన వలయం మీది ముద్రలో వరాహంతో పాటు సూర్యచంద్రులు, అంకుశం, తామరపువ్వు కనిపిస్తాయి. 'త్రిభువనాంకుశ' అన్న బిరుదు కూడా ఆ ముద్ర మీదనే ఉంటుంది. రాష్ట్రకూటుల గుర్తు గరుడుడు. సముద్రంలో మునిగిన భూమిని కోర మీద ఎత్తిన దేవుడు ఒకరికి గుర్తు, ఆ దేవుణ్ణి మోసే వాహనం మరొకరికి గుర్తు. భూమిని కాపాడేవాడే రాజు అన్న భావం రెండింటి వెనకా ఉంది.

అదే కాలంలో గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పంపడి తమ్ముడు జినవల్లభుడు జైన శిల్పాలు చెక్కించి, సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని కంద పద్యాలు తెలుగులో మనకు దొరికిన తొలి కందాల్లో లెక్క. జైన తీర్థంకరులందరి విగ్రహాలూ చూడ్డానికి ఒకే తీరుగా, కదలిక లేకుండా ఉంటాయి. ఎవరు ఎవరో తెలిసేది లాంఛనం వల్లనే. ఎద్దు ఉంటే ఆదినాథుడు, పాము పడగ ఉంటే పార్శ్వనాథుడు, సింహం ఉంటే మహావీరుడు. చిహ్నానికి ఉన్న మొదటి పని గుర్తుపట్టించడమే అని ఈ శిల్ప సంప్రదాయం స్పష్టంగా చూపుతుంది.

కాకతీయుల చరిత్రలో చిహ్నం మారిన తీరు మరో పాఠం. తొలి కాకతీయులు రాష్ట్రకూటుల సేనానులు. వారి పేర్ల పక్కన గరుడ చిహ్నం ప్రస్తావన కనిపిస్తుంది. రాష్ట్రకూటుల ప్రాభవం పోయి కల్యాణి చాళుక్యుల కాలం వచ్చాక కాకతీయులు వారికి సామంతులయ్యారు. వరాహం వారి లాంఛనమైంది. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంతో రుద్రదేవుడు స్వతంత్రుడయ్యాక కూడా వరాహం పోలేదు. పై రాజు పోయినా అతని గుర్తును అట్టిపెట్టుకోవడం అంటే అతని అధికారానికి వారసులం మేమేనని చెప్పడం. అదే శాసనం రుద్రదేవుడు ఓడించిన వారిలో పొలవాస మేడరాజు పేరు చెబుతుంది. ఆ పొలవాస జగిత్యాల పక్కన నేటికీ పొలాస పేరుతో ఉన్న ఊరే. ఓడిన దొర కోటతో పాటు అతని గుర్తూ చరిత్రలోంచి జారిపోయింది. గెలిచిన వరాహం రాళ్ల మీద నిలిచింది.

ఆ రాళ్లలో ఒకదాన్ని దగ్గరగా చూస్తే మధ్యయుగపు పల్లె పాలన అర్థమవుతుంది. నిలువుగా పాతిన నల్లరాతి పలక, పైభాగం కొంచెం గుండ్రంగా ఉంటుంది. రాత మొదలయ్యే ముందు, నెత్తిన ఒక పక్క సూర్యుడు, మరో పక్క నెలవంక చెక్కి ఉంటాయి. వాటి కింద వరాహం, దాని దగ్గర నిలువుగా నిలిపిన ఖడ్గం, కొన్ని రాళ్ల మీద దూడకు పాలిస్తున్న ఆవు. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ దానం చెల్లుతుంది అని మొదటి గుర్తు అర్థం. ఇది రాజు ఆజ్ఞ అని వరాహమూ ఖడ్గమూ చెబుతాయి. ఆవు దూడ ధర్మానికీ రక్షణకూ గుర్తు. కింద రాసింది ఒక చెరువుకో గుడికో ఇచ్చిన భూమి హద్దులు, దాన్ని కాజేసేవాడికి తగిలే పాపం. ఊళ్లో రాత చదవగలిగేది కరణం లాంటి ఒకరిద్దరే. మిగతా అందరికీ పైనున్న బొమ్మలే శాసనం. ఇలాంటి రాళ్లు ఇప్పటికీ తెలంగాణ పల్లెల్లో గుడి గోడల పక్కన, పొలం గట్ల మీద నిలిచి ఉన్నాయి. కాకతీయుల తరువాత విజయనగర రాజులు కూడా వరాహం, ఖడ్గం, సూర్యచంద్రులనే తమ ముద్రగా తీసుకున్నారు. వారి బంగారు నాణేనికి 'వరాహ' అన్న పేరే స్థిరపడి, రాజ్యం పోయాక కూడా శతాబ్దాల పాటు లెక్కల పుస్తకాల్లో నడిచింది.

గుడి ముందరి పతాకం

రాజుల పతాకాలు రాజ్యాలతో పోయాయి. దేవుడి పతాకం మాత్రం ఏటేటా ఎగురుతూనే ఉంది. ధ్వజస్తంభం నిలువెత్తు కర్ర. దాని మీద రాగి లేదా ఇత్తడి తొడుగు, కొనన గర్భగుడి వైపు తిరిగిన మూడు అడ్డ పలకలు, వాటికి చిరుగంటలు ఉంటాయి. బ్రహ్మోత్సవాలు మొదలయ్యే రోజున దేవుడి వాహనాన్ని చిత్రించిన కొత్త గుడ్డను పూజించి, మేళతాళాల నడుమ ఆ స్తంభం మీదికి ఎక్కిస్తారు. ఇదే ధ్వజారోహణం. వైష్ణవ ఆలయాల్లో ఆ గుడ్డ మీద గరుడుడు ఉంటాడు, శివాలయాల్లో నంది ఉంటాడు. ఉత్సవానికి సకల దేవతలనూ ఆహ్వానించే గుర్తు అది. ఉత్సవం ముగిసిన రోజున దాన్ని దించుతారు. యుద్ధానికి వెళ్లే రాజు పతాకం ఎత్తి సైన్యాన్ని పిలిచినట్టే, ఇక్కడ దేవుడి పేరు మీద ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ పిలుస్తారు.

జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లోని మూడు పెద్ద క్షేత్రాలు మూడు వేర్వేరు గుర్తులకు నెలవు. ధర్మపురి నరసింహస్వామి సన్నిధిలో ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. అక్కడిది గరుడ కేతనం. వేములవాడ రాజన్న గుడిలో నంది గుర్తు బొమ్మగానే మిగిలిపోలేదు. కోడె మొక్కు మొక్కినవారు బతికున్న కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. కొండగట్టు అంజన్నది హనుమంతుడి జెండా. మహాభారతంలో అర్జునుడి రథం మీది కపిధ్వజం కథ తెలియని తెలుగువారు ఉండరు. ఆ కథ వల్లనే హనుమంతుడి బొమ్మ ఉన్న జెండా విజయానికి గుర్తుగా ఇళ్ల మీదా బండ్ల మీదా ఎగురుతోంది. గుడి కట్టి ధ్వజస్తంభం నిలపకపోతే ఆ గుడి పూర్తయినట్టు పల్లె ఒప్పుకోదు. చందా పోగుచేసి, అడవి నుంచి నిలువైన మాను తెచ్చి, ఊరంతా కలిసి దాన్ని నిలబెట్టడం ఇప్పటికీ పండుగే.

పీరీలు

తెలంగాణ పల్లెల్లో అందరూ కలిసి మోసే పతాకం పీరీ. ముహర్రంలో నిలిపే ఈ లోహపు గుర్తులను అరబ్బీ, ఉర్దూ భాషల్లో 'ఆలం' అంటారు. ఆలం అంటేనే పతాకం. క్రీస్తుశకం 680లో కర్బలా మైదానంలో ఇమాం హుస్సేన్ తన చిన్న బృందంతో యజీద్ సైన్యానికి ఎదురు నిలిచి ప్రాణాలు విడిచాడు. ఆ బృందపు పతాకధారి ఆయన తమ్ముడు అబ్బాస్. దప్పికతో ఉన్న పిల్లల కోసం నీళ్లు తేబోయి, రెండు చేతులూ తెగిపోయి అతను నేలకొరిగాడని చెప్పుకునే గాథ ముహర్రం శోకానికి గుండె లాంటిది. అతని చేతిలోని పతాకమే ఆలంగా, పీరీగా మారింది.

గోల్కొండ సుల్తానులు షియాలు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 16వ శతాబ్దం చివర హైదరాబాద్‌లో కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో ఆలంలు నిలిపే ఆచారం రాచకొలువు ఆదరణతో నడిచింది. నేటికీ ముహర్రం పదో రోజున పాతబస్తీలో బీబీ కా ఆలంను ఏనుగు మీద ఊరేగిస్తారు. కొలువులో మొదలైన ఆ ఆచారం పల్లెలకు చేరి పూర్తిగా పల్లెదైపోయింది. ముస్లిం ఇళ్లు ఒకటి రెండే ఉన్న ఊళ్లలో, అసలు లేని ఊళ్లలో కూడా పీరీల కొట్టాలు ఉన్నాయి. సిరిసిల్ల, కోరుట్ల వైపు దీన్ని పీరీల పండుగ అనే అంటారు.

ముహర్రం నెలవంక కనబడగానే కొట్టం ముందర గుద్దలి వేసి అలావ గుంత తవ్వుతారు. పెట్టెల్లో ఏడాదంతా దాచిన పీరీలను తీసి, చింతపండుతో తోమి మెరిపించి, వెదురు కర్రలకు బిగిస్తారు. వాటి ఆకారాలు రకరకాలు: అయిదు వేళ్ల పంజా, నెలవంక, గుర్రపు నాడా, ఆకు. మొక్కుకున్నవారు తెచ్చిన రంగురంగుల దట్టీలు కర్రకు కడతారు. రోజులు గడిచేకొద్దీ దట్టీలు పెరిగి కర్ర కనబడకుండా పోతుంది. మలీద, షర్బత్ పంచుతారు. రాత్రిపూట అలావలో నిప్పు రాజేసి, డప్పుల మోతకు దాని చుట్టూ ఆడతారు. పీరీని ఎత్తుకునేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు. కొన్ని ఇళ్లకు ఆ హక్కు తాతల నుంచి వస్తుంది. పదో రోజున పీరీలను వాగుకో బావికో తీసుకెళ్లి కడిగి, తిరిగి పెట్టెలో పెడతారు. ఓడిపోయినా తల వంచని ఒక చిన్న సేన పతాకాన్ని, ఎక్కడి కర్బలాకో ఏ సంబంధమూ లేని రైతులూ నేతవారూ డప్పువాయిద్యకారులూ తమదిగా చేసుకున్నారు. పాలకుల పతాకం ప్రజల చేతికి వచ్చిన మొదటి పెద్ద సందర్భం ఇదేనని చెప్పాలి.

గోదావరి అడవుల్లోని కోయలకు మరో తీరు పతాకం ఉంది. దాని పేరు పడిగె. మూడు కోణాల గుడ్డ మీద ఒక్కో వంశపు మూలపురుషులు, జంతువులు, గుర్తులు ఉంటాయి. జాతరల్లో పడిగెను నిలిపి డోలీ కళాకారులు ఆ వంశం కథ పాడతారు. ఇక్కడ జెండానే చరిత్ర గ్రంథం.

పసుపు జెండా, మూడు రంగుల జెండా

1724లో మీర్ ఖమ్రుద్దీన్ స్థాపించిన ఆసఫ్‌జాహీ రాజ్యపు జెండా పసుపుపచ్చనిది. నడుమ తెల్లని గుండ్రని కుల్చా బొమ్మ ఉంటుంది. దీని వెనక ఒక కథ ప్రచారంలో ఉంది. దక్కన్‌కు బయల్దేరిన ఖమ్రుద్దీన్‌కు సూఫీ గురువు హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టాడట. అతను ఏడు తిన్నాడట. నీ వంశం ఏడు తరాలు ఏలుతుందని గురువు దీవించాడట. ఆసఫ్‌జా బిరుదుతో ఏలిన నిజాంలు నిజంగానే ఏడుగురే అయ్యారు. చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి జెండా మీద అరబ్బీ లిపిలో మహత్తు అంతా దేవుడిదేనన్న వాక్యమూ, ఉస్మాన్ పేరూ ఉండేవి. తాలూకా కచేరీల మీద ఎగిరే ఈ జెండాకు తెలంగాణ పల్లె రెండు శతాబ్దాల పాటు శిస్తు కట్టింది, వెట్టి చేసింది.

అదే కాలంలో బ్రిటిష్ ఆంధ్రలో మరో జెండా రూపుదిద్దుకుంటోంది. కృష్ణా జిల్లా భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య దేశానికి ఒక జెండా ఉండాలంటూ 1916లో మచిలీపట్నం నుంచి ఒక పుస్తకమే ప్రచురించాడు. పత్తి రకాల మీద పరిశోధన చేసి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్న ఆయన, నేటి సూర్యాపేట జిల్లాలోని మునగాల సంస్థానంలో కొంతకాలం కంబోడియా పత్తి సాగు మీద పనిచేశాడు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో విజయవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగా గాంధీ సూచన మేరకు ఆయన ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా ఉన్న జెండా గీసి ఇచ్చాడు. చరఖా ఆలోచన జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్‌ది. తెలుపు గాంధీ చేర్పించారు. 1931లో పట్టాభి సీతారామయ్య కన్వీనర్‌గా ఉన్న కమిటీ సిఫార్సుల తరువాత కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండాను ఖాయం చేసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ చరఖా స్థానంలో 24 ఆకుల అశోక చక్రంతో జాతీయ పతాకాన్ని ఆమోదించింది.

ఆగస్టు 15న దేశమంతా ఆ జెండా ఎగిరింది. హైదరాబాద్ రాజ్యంలో మాత్రం దాన్ని ఎగరవేయడం నేరం. ఆగస్టు 7 నుంచి సత్యాగ్రహం నడుపుతున్న స్టేట్ కాంగ్రెస్ జెండా ఎగరవేతనే పోరాట రూపంగా తీసుకుంది. 15వ తేదీన హైదరాబాద్‌లో జెండా ఎత్తిన స్వామి రామానంద తీర్థ అరెస్టయ్యారు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరవేయడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి తరలివచ్చిన జనం మీద పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది ప్రాణాలు పోయాయని అక్కడి జనం చెప్పుకుంటారు. వారి స్మృతిలో 2003లో అమరధామం కట్టారు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోవడంతో కచేరీల మీది పసుపు జెండా దిగింది. ప్రాణం పెట్టి ఎత్తిన జెండాకూ, ఉత్తర్వు మీద ఎగిరే జెండాకూ ఉన్న తేడాను పరకాల మరచిపోనివ్వదు.

ఎర్రజెండా

మూడు రంగుల జెండాతో పాటే ఎర్రజెండా కూడా ఈ ప్రాంతంలోకి వచ్చింది. ఆంధ్ర మహాసభ సంఘాలు, కమ్యూనిస్టు దళాలు వెట్టికీ లెవీకీ ఎదురు తిరిగాయి. గ్రామ రికార్డులను తగులబెట్టి భూస్వాముల పట్టును సడలించిన అనభేరి ప్రభాకర్‌రావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి తమ సహచరులతో కలిసి 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టల్లో బలయ్యారు. ఇల్లంతకుంట మండలం గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఆ పోరాటం నుంచి వచ్చి, 1952లో కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు.

మూడు దశాబ్దాల తరువాత అదే ఎర్రజెండా మరో తరం చేతుల్లో కనిపించింది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల పట్టణంలోకి పల్లెల నుంచి రైతుకూలీలు వేలాదిగా ఊరేగింపుగా వచ్చారు. జగిత్యాల జైత్రయాత్రగా పేరుపడింది ఇదే. కూలిరేట్లు పెంచాలని, వెట్టి పోవాలని, దొరల చేతుల్లోని బంజరు, శిఖం భూములు పంచాలని వారు అడిగారు. దొరల భూముల్లో ఎర్రజెండాలు పాతారు. పొలంలో పాతిన ఆ చిన్న గుడ్డ 'ఈ భూమి మాది' అనే పత్రంగా పనిచేసింది. రాజు శాసనం రాయి చేసిన పనిని ఇప్పుడు కూలివాడు తన గుడ్డముక్కతో చేశాడు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కాలపు స్మారక స్తూపాలు అనేక పల్లెల్లో వెలిశాయి.

ఓటు గుర్తులు, రాష్ట్ర చిహ్నాలు

1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదువు రాదు. అందుకే పార్టీకి ఒక గుర్తు కేటాయించి, ఆ గుర్తు అంటించిన పెట్టెలో ఓటు వేసే పద్ధతి పెట్టారు. కాంగ్రెస్‌కు కాడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి వచ్చాయి. 1971 నుంచి కొన్నేళ్లు ఇందిరా కాంగ్రెస్ గుర్తు ఆవు దూడ. కాకతీయుల శాసనం రాళ్ల మీద చెక్కిన బొమ్మే ఏడు వందల ఏళ్ల తరువాత గోడల మీదికి వచ్చిందన్నమాట. చదవలేనివాడికి బొమ్మతో చెప్పాలన్న అవసరం అప్పటిదీ ఇప్పటిదీ ఒక్కటే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్లు చుట్టే బీడీల కట్టల మీది లేబుళ్ల బొమ్మలది కూడా అదే పని. 1982లో పుట్టిన తెలుగుదేశం పసుపు జెండాను, 2001లో పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి గులాబీ జెండాను పల్లెలకు తెచ్చాయి. ఊరి కూడలిలో ఒక్కో పార్టీ ఒక్కో సిమెంటు గద్దె కట్టి ఇనుప పైపు నిలిపింది. గద్దెల వరుస చూస్తే ఆ ఊరి రాజకీయ చరిత్ర వరుసగా తెలుస్తుంది.

1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటాన్ని తన చిహ్నంగా తీసుకుంది. నిండుకుండ, దాని మూతి నుంచి వెలువడే పూలు సమృద్ధికి గుర్తు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ కొత్త చిహ్నం రూపొందించాడు. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం, చార్మినార్, అశోకుడి సింహాలు అందులో చోటుచేసుకున్నాయి. పేరు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో ఉంటుంది. పాలపిట్ట, జింక, జమ్మి, తంగేడు రాష్ట్ర గుర్తులయ్యాయి. దసరా నాడు చూసే పిట్ట, పంచుకునే ఆకు, బతుకమ్మలో పేర్చే పువ్వు గుర్తులు కావడం వల్ల వాటిని జనానికి కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేకపోయింది. 2024లో రాష్ట్ర చిహ్నాన్ని మార్చే ప్రతిపాదన వచ్చి, తోరణం, చార్మినార్‌ల మీద పెద్ద చర్చ రేగి, ఆ మార్పు వాయిదా పడింది. రాచరికపు గుర్తులు ప్రజల రాష్ట్రానికి తగునా అన్నది ఒక వాదం. వాటిని కట్టింది ప్రజల చేతులే కాబట్టి అవి ప్రజలవే అన్నది మరో వాదం. చిహ్నం గురించి ఇంత వేడిగా వాదించుకున్నారంటే దాన్ని జనం తమదిగా భావిస్తున్నారనే అర్థం.

సాంచా మీది జెండా

ఈ పార్టీ జెండాల్లో చాలావాటి గుడ్డ సిరిసిల్లది. మరమగ్గాన్ని ఇక్కడ సాంచా అంటారు. పట్టణంలోనూ చుట్టుపక్కలా ముప్పై వేలకు అటూ ఇటూ సాంచాలున్నాయి. పడుగును బీము మీదికి చుట్టి, కండెలు పెట్టి, రోజంతా కటకటల మోతలో కార్మికుడు నాలుగైదు సాంచాల నడుమ తిరుగుతూ తెగిన పోగు అతుకుతుంటాడు. బయటికి వచ్చేది సాదా తెల్ల గుడ్డ. అది ఏ జెండా అవుతుందో అప్పటికి తెలియదు. అద్దకంలో కాషాయమో, పసుపో, గులాబీయో, ఎరుపో పట్టాక, స్క్రీన్ మీద పార్టీ గుర్తు అచ్చు పడ్డాక, కొలతకు కత్తిరించి, కర్ర దూరేలా ఒక అంచు మడిచి కుట్టాక జెండా అవుతుంది. ఈ కుట్టుపని ఎక్కువగా ఆడవాళ్లది, కూలి లెక్క జెండాకు ఇంత అని. ఎన్నికలు వచ్చాయంటే రెండు తెలుగు రాష్ట్రాల పార్టీల జెండాలు, కండువాలు ఇక్కడ తయారవుతాయి. ఒకే కార్ఖానాలో, పక్కపక్కనే, ఒకదానికొకటి పడని పార్టీల జెండాలు కట్టలుగా పేర్చి ఉంటాయి. గుడ్డ ఇచ్చే సేటుకూ, సాంచా నడిపే ఆసామికీ, కార్మికుడికీ అది కొన్ని వారాల నికరమైన పని. ఓట్లు పడ్డ మర్నాటి నుంచి ఆర్డరు ఉండదు.

జాతీయ జెండా విషయంలో చట్టం వేరు. చాలాకాలం చేతితో వడికి నేసిన ఖాదీ, పట్టు, ఉన్ని గుడ్డనే వాడాలన్న నియమం ఉండేది. 2021 డిసెంబర్ 30న జెండా నియమావళిని సవరించి మరమగ్గపు గుడ్డనూ పాలిస్టర్‌నూ అనుమతించారు. దాంతో సాంచాకు దారి తెరుచుకుంది, ఖాదీ నేతవారికి మాత్రం అది దెబ్బ. 2022లో స్వాతంత్ర్య వజ్రోత్సవాలకు ఇంటింటికీ జెండా ఇవ్వాలనుకున్న తెలంగాణ ప్రభుత్వం కోటీ 20 లక్షల జెండాల తయారీని సిరిసిల్ల, గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, భువనగిరి, వరంగల్ నేతవారికి అప్పగించాలని నిర్ణయించింది. అదే ఏడాది సిరిసిల్ల చేనేత కళాకారుడు యెల్ది హరిప్రసాద్ భారత్ ఆతిథ్యమివ్వబోతున్న జీ20 సదస్సు చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానికి పంపాడు. నవంబర్ 27న 'మన్ కీ బాత్'లో ఆ ప్రస్తావన వచ్చింది. చిహ్నాన్ని గుడ్డ మీద అచ్చు వేయడం ఒక పని, పోగు పోగుగా గుడ్డలోనే పుట్టించడం మరో పని. ఆ రెండో విద్య తెలిసినవారు ఇప్పుడు సిరిసిల్లలో కొద్దిమందే మిగిలారు.

వరాహం చెక్కిన శిల్పి పేరు శాసనంలో ఎక్కలేదు, పీరీని పోతపోసిన కంచరి పేరు ఎవరికీ తెలియదు, జెండా నేసిన కార్మికుడి పేరు జెండా మీద ఉండదు. ఈ చరిత్రను నిలబెట్టే పని కష్టమైనదేమీ కాదు. ఊరి శాసనపు రాళ్లను సున్నం, రంగులు పూయకుండా కాపాడాలి. పీరీల కొట్టాల్లోని పాత పంజాల ఫొటోలు తీసి, వాటిని మోసే ఇళ్ల వివరాలు రాసి పెట్టాలి. జెండా గుడ్డ ఆర్డర్లు ఎన్నికల నాడు మాత్రమే కాకుండా ఏడాది పొడవునా స్థానిక నేతవారికి దక్కేలా ప్రభుత్వం, పార్టీలు, బడులు చూడాలి. జెండాకు వందనం చేసే సమాజం దాన్ని నేసిన చేతులకు పని చూపించడం కనీస ధర్మం.